బండి ఆమె పేరున, రిపేరు ఎవరి చేతిలో?

స్త్రీల హక్కుల పత్రికలో గేరుబాక్సు గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు. భూమి పట్టా, కూలి రేటు, ఇంట్లో హింస, సారా, అప్పులు – వీటి గురించి మనం ఎన్నోసార్లు చర్చించుకున్నాం. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో గత ముప్పై ఏళ్లలో వచ్చిన మరో మార్పును మాత్రం తగినంతగా పట్టించుకోలేదు. ఇవాళ కూలికి నడిచి వెళ్లేవాళ్లు తక్కువ. పత్తితీతకైనా, మిరపకాయ కోతకైనా ముఠా కట్టి, ఆటోలోనో, ట్రాలీలోనో, ట్రాక్టరులోనో ఊరు దాటి వెళ్లాల్సిందే. కోసిన కాయ కల్లానికి చేరాలన్నా, టిక్కీలు గుంటూరు మిర్చి యార్డుకు చేరాలన్నా బండి కావాలి. తెల్లవారుజామున ఆ బండికి గేరు పడకపోతే ఒక ముఠా మొత్తానికి ఆ రోజు కూలి లేదు.

ఈ బండ్లలో కొన్ని స్త్రీల పేరున ఉన్నాయి. పొదుపు సంఘం అప్పుతోనో, ముద్రా రుణంతోనో, ప్రైవేటు ఫైనాన్సుతోనో కొన్నవి అవి. కాగితాల మీద ఆమె యజమాని. వాయిదా కట్టే తేదీకి ఫోను వచ్చేది ఆమెకే. వాయిదా తప్పితే ఇంటి ముందుకొచ్చి అరిచేదీ ఆమె మీదే. కాని బండి చెడినప్పుడు ఏ షెడ్డుకు తీసుకుపోవాలి, ఏది మార్చాలి, ఎంత పెట్టాలి, అసలు బాగు చేయించాలా, అమ్మేయాలా అన్న మాటలు ఆమె లేనిచోట జరుగుతాయి. షెడ్డుకు ఆమె స్వయంగా వెళ్లినా, "మీకేం తెలుస్తుందమ్మా, అన్నయ్యని పంపించండి" అంటారు. ఖర్చు ఎంతయిందో మాత్రం ఆ సాయంత్రమే తెలుస్తుంది. చెవిపోగులు తాకట్టుకు వెళ్లేది అప్పుడే.

చెడిన గేరుబాక్సును తక్కువ ఖర్చుతో ఎలా బాగుచేయించుకోవాలి అన్నది మెకానిక్కుల ప్రశ్నగానే ఉండిపోయింది. అది స్త్రీల ఆదాయానికీ, అప్పుకీ, ప్రాణానికీ సంబంధించిన ప్రశ్న కూడా అని నా అభిప్రాయం. ఆ నిర్ణయంలో స్త్రీలకు చోటుండాలంటే ఏం తెలుసుకోవాలి, సంఘాలు ఏం చేయాలి అన్నది చర్చకు పెట్టడానికే ఈ వ్యాసం.

ప్రాణాల లెక్క

2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కూలీలతో తిరిగి వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. తెగిపడిన తీగ తగిలి తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. 2023 మే 17న పల్నాడు జిల్లా దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర మిరప కోతకు వస్తున్న కూలీల ఆటోను లారీ ఢీకొన్నది. నల్గొండ జిల్లా దామరచర్ల మండలం నుంచి ఇరవై మందికి పైగా ఆ ఒక్క ఆటోలో వస్తున్నారు. కనీసం ఐదుగురు స్త్రీలు చనిపోయారు.

ఈ రెండు ప్రమాదాలూ గేరుబాక్సు చెడి జరిగాయని నేను అనడం లేదు. కాని ఇలాంటి బండ్ల వెనక ఉన్న ఆర్థికం ఒకటే. మోయగలిగిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కించినప్పుడు క్లచ్ అరుగుతుంది, బేరింగులు పోతాయి, బ్రేకులు పట్టవు. రిపేరుకు డబ్బు కావాలి, అందుకని ఇంకో నలుగురిని ఎక్కిస్తారు. వాళ్ల బరువుకు బండి ఇంకా తొందరగా చెడుతుంది. రెండో గేరు నిలబడక జారిపోయే ఆటోను కట్ట దిగేటప్పుడు ఇంజను బలం మీద ఆపలేరు, బ్రేకు ఒక్కటే దిక్కు. అటువంటి బండిని "సీజను అయిపోయాక చేయిద్దాం" అని నడిపిస్తూనే ఉంటారు. సీజను నష్టపోకూడదని యజమాని భయం, ఒక రోజు కూలి పోకూడదని కూలీల భయం. మధ్యలో ప్రాణం ఎవరి లెక్కలోకీ రాదు.

ప్రమాదం తర్వాత జరిగేది ఇంకొకటి ఉంది. సరుకు రవాణా బండిలో ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లో న్యూ ఇండియా అష్యూరెన్స్ – ఆశారాణి కేసులో తీర్పు ఇచ్చింది. 1994 సవరణ తర్వాత సరుకు యజమానికీ, అతని తరఫున సరుకుతో వెళ్లే మనిషికీ రక్షణ ఉంది గాని, కోతకు వెళ్లే ముఠాకు ఆ తలుపు మూసుకునే ఉంది. వ్యవసాయ పనికని బీమా చేసిన ట్రాక్టరు ట్రక్కులో కూర్చుని వెళ్లే స్త్రీల విషయంలోనూ కంపెనీలు ఇదే వాదన తెస్తాయి. అప్పుడు నష్టపరిహారం భారం యజమాని మీద పడుతుంది. బండి స్త్రీ పేరున ఉంటే ఆమే యజమాని. చనిపోయిన కూలీ కుటుంబమూ, బండి యజమానురాలూ ఒకే వాడలో, ఒకే పొదుపు సంఘంలో ఉండవచ్చు. ఈ రెండు కుటుంబాలూ ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కే పరిస్థితిని మనం ఊహించుకోవాలి.

చెడింది ఏమిటో ముందు తేలాలి

"గేరుబాక్సు పోయింది" అన్న ఒక్క మాటతో ఇంట్లో సగం ధైర్యం పోతుంది. గేరు సరిగా పడకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో కొన్ని చాలా చిన్నవి. డాక్టరు దగ్గర "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకోకుండా ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి అని చెప్పినట్టే షెడ్డులోనూ చెప్పగలగాలి. నడిపే మనిషిని అడిగి, పక్కన కూర్చుని చూసి, ఈ కింది సంగతులు ఎవరైనా గుర్తించవచ్చు.

గేరు వేసేటప్పుడు కరకరమని శబ్దం వచ్చి కష్టంగా పడుతోందంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదన్నమాట. ఆటోల్లో చాలాసార్లు క్లచ్ కేబులు సాగిపోవడమే దానికి కారణం. కేబులు సరిచేయడమో, మార్చడమో చాలు. ఇంజను గట్టిగా అరుస్తోంది గాని బండి ముందుకు కదలడం లేదంటే క్లచ్ ప్లేట్లు అరిగాయి. గేరుబాక్సు విప్పి పళ్లచక్రాలు మార్చాల్సిన పని ఇందులో లేదు. ఒకే ఒక గేరు వేయగానే జారి న్యూట్రలుకు వచ్చేస్తోందంటే ఆ గేరు పళ్లో, దాన్ని జరిపే ఫోర్కో, స్ప్రింగో అరిగి ఉండాలి. అప్పుడు విప్పక తప్పదు. బండి నిలబడి ఉండగా హోరుమనే శబ్దం వచ్చి, క్లచ్ నొక్కగానే ఆగిపోతే అది సాధారణంగా బేరింగు శబ్దం. బండి ఆపిన చోట నేల మీద నూనె మరక ఉంటే ఆయిల్ సీలు పోయింది. సీలు ఖర్చు తక్కువే. కాని నూనె కారుతూ అడుగంటితే లోపలి చక్రాలన్నీ కాలిపోతాయి. నూనె వడకట్టినప్పుడు సన్నటి పొడి కొంచెం కనబడడం మామూలే. మెరిసే ముక్కలు కనబడితే మాత్రం లోపల ఏదో విరుగుతోంది, ఇక బండి నడపకూడదు.

ట్రాక్టరుకయితే ఇంకో సంగతి. క్లచ్ మీద పాదం పెట్టుకునే దున్నే అలవాటు వల్ల ప్లేట్లు ముందే అరుగుతాయి. నడిపే మనిషిని మార్చకుండా, అలవాటు మార్చకుండా ప్లేట్లు మారిస్తే మళ్లీ వచ్చే ఏడాది అదే ఖర్చు.

ఇదంతా ఇంజనీరింగు చదువు కాదు. పాల పొదుగు చూసి గేదె జబ్బు గుర్తించే స్త్రీకి, మొక్క ఆకు ముడత చూసి తామరపురుగో, నల్లియో చెప్పగలిగే స్త్రీకి బండి శబ్దం గుర్తుపట్టడం అసాధ్యం కాదు. ఆమెను ఆ బండి దగ్గర నిలబడనివ్వకపోవడమే అసలు అడ్డంకి.

ఐదు దారులు, ఒక లెక్క

లోపల నిజంగానే చెడిందని తేలాక యజమాని ముందు సాధారణంగా ఐదు దారులుంటాయి. కేబులు, ప్లేట్లు, నూనె, సీళ్ల వంటి పైపై రిపేరు ఒకటి. గేరుబాక్సు విప్పి, అరిగినవి మాత్రం మార్చి మళ్లీ బిగించడం రెండోది. పాత బండ్లు విప్పి అమ్మేచోట నుంచి వాడిన గేరుబాక్సు తెచ్చి వేయడం మూడోది. కంపెనీ కొత్త సెట్టు వేయించడం నాలుగోది. ఉన్నదున్నట్టుగా అమ్మేయడం ఐదోది. గుంటూరు ఆటోనగర్ గాని, 1966లో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగర్ గాని మనకు దగ్గరలో ఉండడం వల్ల రెండో దారీ, మూడో దారీ ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నాయి. చాలా రాష్ట్రాల పల్లెలకు ఆ వసతి లేదు.

ఏది మంచిదో లెక్క వేయకుండా చెప్పలేం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈ అంకెలు లెక్క చూపించడానికి అనుకున్నవే, ఎవరి బిల్లూ కాదు. బండి నడిస్తే ఖర్చులు పోను రోజుకు 600 రూపాయలు మిగులుతాయి. ఇప్పుడున్న స్థితిలో అమ్మితే 70,000, బాగుచేయించి అమ్మితే 1,20,000 వస్తాయి. విప్పి బాగుచేయడానికి 22,000, నాలుగు రోజులు. వాడిన గేరుబాక్సుకు 15,000, రెండు రోజులు. కంపెనీ కొత్తదానికి 45,000, సరుకు రావడానికి పది రోజులు.

పోయిన రోజుల ఆదాయం కూడా ఖర్చే. దాన్ని కలిపితే విప్పి బాగుచేయడం 24,400. వాడినది 16,200. కొత్తది 51,000. చూడగానే వాడినదే చౌక అనిపిస్తుంది. కాని అది నాలుగు నెలల్లో మళ్లీ పోతే రెండుసార్లు కలిపి 32,400 అవుతుంది. అందుకే వాడినది కొనేముందు నెల రోజులైనా హామీ రాసివ్వమని అడగాలి. ఏ బండి నుంచి తీశారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగాలి. హామీ ఇవ్వనంటే ఆ చౌక నిజమైన చౌక కాదు. ఇక బాగుచేస్తే బండి విలువ 50,000 పెరుగుతోంది. 24,400 పెట్టడం న్యాయమే. 51,000 పెట్టి కొత్తది వేయించేకంటే మాత్రం అమ్మేయడం గురించి ఆలోచించడం మంచిది.

ఇప్పుడు వడ్డీ కలపండి. ఆ 22,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 660. అసలు పది నెలల తర్వాత తీర్చితే వడ్డీయే 6,600. మొత్తం 31,000 అవుతుంది. అదే డబ్బు పొదుపు సంఘం సొంత నిధి నుంచి నూటికి రూపాయికి దొరికితే పది నెలల వడ్డీ 2,200. మెకానిక్కుతో గంటసేపు బేరమాడి తగ్గించే దానికంటే అప్పు ఎక్కడ తెచ్చామన్నదే ఖర్చును ఎక్కువ మార్చవచ్చు. అప్పు గురించి స్త్రీలకు తెలిసినంత ఈ పల్లెల్లో ఇంకెవరికి తెలుసు? 2006లో కృష్ణా జిల్లాలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల మీద గొడవ జరిగినప్పుడూ, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చినప్పుడూ ఆ చరిత్రంతా స్త్రీల బతుకుల మీదే నడిచింది. అయినా రిపేరు లెక్క వేసేచోట ఆ అనుభవాన్ని పిలవరు.

హైబ్రిడ్ బండ్లు వచ్చాక

ఈ ప్రశ్న ఆటో, ట్రాక్టర్లతో ఆగడం లేదు. ఇంజనుతోపాటు బ్యాటరీ, మోటారు ఉన్న హైబ్రిడ్ కార్లు 2015 నుంచి మన దగ్గర ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. 2022 తర్వాత వాటి రకాలు మరీ పెరిగాయి. ఇవి క్రమంగా సెకండ్ హ్యాండులో అద్దె కార్లుగా పల్లెలకు వస్తాయి. స్వచ్ఛంద సంస్థలూ పెట్రోలు కలిసివస్తుందని కొంటాయి. కాబట్టి వాటి సంగతీ తెలుసుకోవాలి.

హైబ్రిడ్ అన్న పేరు కింద రెండు రకాలున్నాయి. మొదటి రకంలో ఇంజనుకు బెల్టుతో కలిపిన చిన్న మోటారు సాయం చేస్తుంది, అంతే. మారుతి సియాజ్, ఎర్టిగాలలో 2015లో వచ్చింది ఈ రకం. దీని గేరుబాక్సు మామూలు కారు గేరుబాక్సే. మామూలు కార్ల పని తెలిసిన మంచి మెకానిక్కు బాగుచేయగలడు. "ఇది హైబ్రిడ్డమ్మా, ఖర్చెక్కువ" అంటే ఎందుకని అడగవచ్చు.

రెండో రకం బలమైన హైబ్రిడ్. టయోటా తరహా బండిలో క్లచ్ ప్లేట్లు గాని, మనం చేత్తో మార్చే గేర్లు గాని ఉండవు. రెండు మోటార్లనూ, ఇంజనునూ ఒక గ్రహచక్రాల గేరు కలుపుతుంది. అరిగే భాగాలు తక్కువ కాబట్టి ఈ పెట్టె తొందరగా చెడదు. బండి లాగకపోతే, హెచ్చరిక దీపం వెలిగితే, గేరుబాక్సు పోయిందని వెంటనే నిర్ణయించకూడదు. బ్యాటరీ బలహీనపడినా, దాన్ని చల్లబరిచే ఫ్యాను దారి దుమ్ముతో మూసుకుపోయినా, మోటార్లకు కరెంటు అందించే ఇన్వర్టరు వేడెక్కినా ఇవే లక్షణాలు కనబడవచ్చు. మిరప కల్లాల దుమ్ములో తిరిగే బండికి ఆ ఫ్యాను దారి శుభ్రం చేయించడం చిన్న ఖర్చు, పెద్ద రక్షణ. స్కానరు పెట్టి తప్పు కోడ్లు చదివించి, ఆ కోడ్లను కాగితం మీద రాయించుకోకుండా పెట్టె దింపడానికి ఒప్పుకోకూడదు. ఇక్కడ అమ్మే కొన్ని హైబ్రిడ్ కార్ల బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. సెకండ్ హ్యాండులో కొన్నా అది మిగిలి ఉందేమో, చేతులు మారినా వర్తిస్తుందేమో కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. ఇంకో జాగ్రత్త: నారింజ రంగు తీగల్లో ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది. ఆ పని నేర్చుకోని మెకానిక్కు చేత, చౌక అని, చెట్టుకింద విప్పించకూడదు.

ఇక్కడే హక్కుల ప్రశ్న మొదలవుతుంది. ఆటో గేరుబాక్సును ఆటోనగర్‌లో ఎవరైనా విప్పగలరు. హైబ్రిడ్ బండి విషయంలో స్కానరు, దాని సాఫ్ట్‌వేరు, విడిభాగాలు, వైరింగు పటం కంపెనీ చేతిలో ఉంటే మనకున్న ఐదు దారుల్లో మూడు మూసుకుపోతాయి. కంపెనీ షెడ్డు చెప్పిందే ధర. పల్లె మెకానిక్కుల బతుకూ దీనితో ముడిపడి ఉంది.

చట్టం ఎంతవరకు తోడు వస్తుంది

2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్, విడిభాగాలనూ, రిపేరు సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు అందకుండా చేసినందుకు 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. బయట బాగుచేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దని గంపగుత్తగా షరతు పెట్టవద్దని కూడా చెప్పింది. ఆ కేసు తర్వాత అప్పీళ్లలో చిక్కుకుంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ యంత్రాలు, వాహనాలు, సెల్‌ఫోన్లు, ఇంటి సామాను అందులోకి వస్తాయి. సమాచారం పెట్టమని కంపెనీలను కోరడం మంచిదే. కాని పోర్టల్ చట్టం కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి మరీ ఈ హక్కును చట్టంగా తెచ్చుకున్నారు. మన రైతు సంఘాలు గాని, స్త్రీల సంఘాలు గాని ఆ డిమాండును ఇంకా తమదిగా చేసుకోలేదు.

ఉన్న చట్టంలోనూ వాడుకోదగ్గవి ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసే రిపేరు ఒక సేవ. అది సరిగా చేయకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. మనం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. ముందు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. "ఆటో వ్యాపారం కోసం కదా, మీరు వినియోగదారు ఎలా అవుతారు?" అని అవతలివాళ్లు అంటారు. స్వయం ఉపాధితో బతకడానికి కొనుక్కున్న వస్తువు వ్యాపార వినియోగం కిందికి రాదని చట్టంలోనే ఉంది. సొంతంగా నడుపుకోవడానికి ఆటో కొన్నవాళ్లు వినియోగదారులేననీ, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదనీ సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో స్పష్టం చేసింది.

ఈ హక్కులకు ఒక కాగితం ఆధారం కావాలి. బిల్లు లేని రిపేరుకు చట్టంలో నోరు లేదు. చెడిందేమిటి, మార్చిందేమిటి, కొత్తదా పాతదా, హామీ ఎన్నాళ్లు అని నాలుగు ముక్కలు రాయించుకుని, తీసేసిన పాత భాగాలు చేతికి తీసుకోవాలి. బిల్లు యజమానురాలి పేరునే ఉండాలి. బిల్లుకు పన్ను పడుతుందని షెడ్డువాళ్లు వెనకాడతారు. కనీసం సంతకంతో చీటీ అయినా తీసుకోవాలి.

సంఘాలు చేయాల్సింది

"స్త్రీల నెత్తిన ఇంకో బరువు పెడుతున్నారు, ప్రభుత్వం బస్సులు వేయాలని అడగాలి గాని" అని మిత్రులు అనవచ్చు. బస్సు డిమాండు న్యాయమైనదే. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అది ఎందరికో మేలు చేస్తోంది. కాని తెల్లవారుజామున డొంకదారిలో చేను దగ్గరికి ఏ పల్లెవెలుగూ వెళ్లదు. కూలీల రవాణా బాధ్యత పనిలోకి పిలిచే ఆసామి మీదా, మేస్త్రి మీదా ఉండాలన్న డిమాండునూ వదలకూడదు. ఆ పోరాటం సాగుతుండగానే రేపు ఉదయం ఎక్కబోయే బండి సంగతి తేలాలి.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది. బండి నడిపేది మగవాళ్లు కాబట్టి రిపేరు వాళ్లకే తెలుస్తుందని. నడిపే మనిషి మాట తప్పకుండా వినాలి. కాని పొలం దున్నేది మగవాళ్లని చెప్పి పట్టాలో స్త్రీ పేరు వద్దన్న వాదనకూ, దీనికీ తేడా ఏముంది? అప్పు తీర్చేవాళ్లకు ఖర్చు నిర్ణయంలో మాట ఉండాలి.

పని చేయగలమా అన్న సందేహం అక్కరలేదు. 1990ల మొదట్లో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య ఆధ్వర్యంలో దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపుల మెకానిక్కులయ్యారు. చదువు రాని వాళ్లు పైపులు దింపి, వాషర్లు మార్చి, పంపులు నడిపించారు. ఆ పని కోసమే వాళ్లకు అక్షరాలు కావాల్సివచ్చాయి. ఆ అక్షరాల నుంచి సొంత పత్రిక పుట్టింది. మన రాష్ట్రంలో మహిళా సమత 1993లో మొదలయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక పోరాటం పొరుగునే ప్రకాశానికీ పాకింది. ఆ కదలికలోంచి వచ్చిన పొదుపు సంఘాలు ఇప్పటికీ మన దగ్గర ఉన్నాయి. కావలసిన పునాది ఉంది.

ఆ పునాది మీద నాలుగు పనులు చేయవచ్చని నాకు అనిపిస్తోంది.

మొదటిది, బండి ఉన్న సభ్యులున్న ప్రతి పొదుపు సంఘంలో రిపేరు నిధి. నెలకు కొంత పక్కన పెట్టి, గేరు, బ్రేకు, క్లచ్ పనులకు మాత్రమే తక్కువ వడ్డీకి ఇవ్వాలి. కోత సీజనుకు ముందే, డిసెంబరులోనే, బండ్లు చూపించుకునేలా ఒత్తిడి చేయాలి.

రెండోది, ప్రతి బండికీ ఒక నోటు పుస్తకం. నూనె ఎప్పుడు మార్చారు, ఏ భాగం ఎప్పుడు వేశారు, ఎంతయింది, ఎవరు చేశారు. అదే పుస్తకం అమ్మేటప్పుడు ధర పెంచుతుంది, కమిషన్ ముందు సాక్ష్యమవుతుంది.

మూడోది, శిక్షణ. ఆటోనగర్‌లో మంచిపేరున్న మెకానిక్కుల చేత ఒకరోజు తరగతి పెట్టించడం స్వచ్ఛంద సంస్థలకు కష్టం కాదు. విప్పిన గేరుబాక్సు ముందు కూర్చుని, అరిగిన పన్ను ఎలా ఉంటుందో చేత్తో తాకి చూడాలి. 2022 జూన్‌లో గుంటూరులో ప్రారంభించిన యంత్ర సేవ పథకం కింద రైతుల గ్రూపులకు 40 శాతం సబ్సిడీతో ట్రాక్టర్లు ఇచ్చారు. అటువంటి గ్రూపుల్లో ఉన్న స్త్రీలు రిపేరు తీర్మానాల మీద సంతకం పెట్టేముందు లెక్క అడగాలి.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కనని చెప్పే హక్కు. బ్రేకు పట్టని, గేరు నిలవని బండి ఎక్కడానికి ముఠా మొత్తం కలిసి నిరాకరిస్తే ఆ రోజు కూలి పోకూడదు. బండి మాట్లాడింది మేస్త్రి అయితే మేస్త్రి, ఆసామి అయితే ఆసామి ఆ కూలి ఇవ్వాలి. కూలి రేట్లు మాట్లాడుకునే సమయంలోనే ఈ షరతు కూడా మాట్లాడుకోవాలి. ఒక్కరు చెబితే "రేపట్నుంచి రావద్దు" అంటారు. పదిహేనుమంది చెబితే మిరపకాయ చెట్టు మీదే ఎండిపోతుంది. అది వాళ్లకూ తెలుసు.

ఈ నాలుగింటిలో ఏవి మన ప్రాంతంలో సాధ్యం, ఏవి కావు, ఇప్పటికే ఎక్కడైనా ఏదైనా సంఘం మొదలుపెట్టిందా అన్నది పాఠకులు రాయాలి. యజమానురాలూ, కూలీ ఒకే వాడవాళ్లయినప్పుడు ఇద్దరి హక్కూ ఎలా కాపాడాలన్నది తేలిక ప్రశ్న కాదు. మళ్లీ కోతలు మొదలయ్యేలోగా దాని మీద మన సమావేశాల్లో చర్చ జరగాలి.